తిరుపతి రోడ్ల మీద పాత మస్టాంగ్ జీటీ: రెండు రోజుల అనుభవం

మా మేనమామ కొడుకు, వరసకు బావ, నిరుడు బెంగళూరులో ఒక పాత ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నాడు. 2017లో రిజిస్టరైన బండి. ఎరుపు రంగు, అయిదు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) పెట్రోలు ఇంజను, ఆరు గేర్ల ఆటోమేటిక్. సెలవులకు తిరుపతి వచ్చినప్పుడు తాళం నా చేతిలో పెట్టి, “రెండు రోజులు నడిపి చూడు. బాగుందని మాత్రం చెప్పొద్దు, ఆ మాట అందరూ చెబుతానే ఉండారు” అన్నాడు. మొదటి రోజు తిరుమలకు, రెండో రోజు కాణిపాకం మీదుగా చిత్తూరుకు వెళ్లి వచ్చాను. బండి ఎలా నడుస్తుందన్న దానితో పాటు, అటువంటి బండిని ఎలా గీస్తారు, ఎవరికి ఏమని చెప్పి అమ్ముతారు అన్నది కూడా ఇక్కడ రాస్తున్నాను. పెద్ద ఇంజనుతో బలం చూపించే ఈ ‘మజిల్ కార్ల’ జాతిలో ఇంజనుకు ఎంత శ్రమ పడతారో, కొనేవాడి మనసు పట్టుకోవడానికీ అంతే శ్రమ పడతారు కనుక ఒకదాన్ని వదిలి రెండోదాన్ని చెప్పడం కుదరదు.

ముందుగా రూపం. బండి పక్కన నిలబడి చూసినప్పుడు ముందు చక్రానికీ డ్రైవరు తలుపుకూ మధ్య ఉన్న ఖాళీ వైపు కన్ను పోతుంది. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి చక్రం దాదాపు తలుపు దాకా వచ్చి ఉంటుంది. మస్టాంగ్‌లో ఇంజను పొడవునా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది. ముందు చక్రం ఎంతో ముందుకు జరిగి, బానెట్ పొడవుగా సాగి, మనుషులు కూర్చునే భాగం వెనక్కు ఒదిగి, డిక్కీ పొట్టిగా తెగిపోతుంది. ఈ కొలతల పొందిక 1964 నాటిది. వెనక చక్రాల పైన రేకు ఉబికి తొడలా కనిపిస్తుంది, పైకప్పు అక్కడి నుంచే డిక్కీ దాకా ఏకవాలుగా జారుతుంది. వెనక అటు మూడు, ఇటు మూడు నిలువు దీపాలు ఉంటాయి, అవి కూడా మొదటి బండి నుంచి వచ్చినవే. పేరు చెరిపేసి చూపించినా గుర్తుపట్టగలగాలన్నది గీసినవాళ్ల పట్టుదల అయి ఉండాలి, అది నెగ్గింది.

లోపల కూర్చున్నాక ఇంకొక విషయం తెలుస్తుంది. మామూలు కార్లలో స్టీరింగ్ ముందు కూర్చుంటే బానెట్ కిందికి వాలిపోయి కంటికి అందదు. ఇందులో బానెట్ మీద రెండు అంచులు లేచి, అద్దం అవతల రెండు గట్ల మాదిరిగా ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. వాటి వల్ల గాలి కోత తగ్గుతుందో లేదో గాని, నడిపేవాడికి తన ముందు ఎంత బండి ఉందో క్షణక్షణం గుర్తుచేయడం మాత్రం జరుగుతుంది. స్పీడు చూపించే గడియారం మీద ఊరికే స్పీడు అని రాసి వదలకుండా ‘గ్రౌండ్ స్పీడ్’ అని రాశారు, అచ్చం విమానం నడిపేవాడికి రాసినట్టు. మధ్యలో విమానం మీటల్లాంటి లోహపు స్విచ్చులున్నాయి. రాత్రి తాళం తీస్తే అద్దాల కింది దీపం నేల మీద పరుగెత్తే గుర్రం బొమ్మను వేస్తుంది. మా వీధి పిల్లలు ఆ బొమ్మ మీద నిలబడటానికి వంతులు వేసుకున్నారు. ఇక పక్కన కూర్చునే మనిషికి ఎదురుగా, డాష్‌బోర్డు మీద, ‘సిన్స్ 1964’ అని ఒక బిళ్ల.

ఆ బిళ్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అమెరికాలో 1964 అంటే మజిల్ కార్ల కథ మొదలైన ఏడాది. పాంటియాక్ కంపెనీ తన మధ్యరకం కారులోకి పెద్ద కార్లకు వాడే 389 ఘనపు అంగుళాల ఇంజను దించి జీటీఓ అన్న పేరుతో అమ్మింది అప్పుడే. ఆ పని వెనక ఉన్న ఇంజనీర్లలో జాన్ డెలోరియన్ ఒకడు. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను జనం ముందు పెట్టింది. మన దగ్గర అప్పుడు తిరిగినవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. అవైనా డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూస్తే వచ్చేవి. మా తాతగారికి కారు జ్ఞాపకం ఏదైనా ఉంటే అది పదిమందిని కుక్కిన అంబాసిడర్ టాక్సీదే. అంటే ఈ బిళ్ల గుర్తుచేస్తున్న కాలం మనది కాదు. అయినా బావ దానికి డబ్బు పెట్టాడు.

ఎవరి జ్ఞాపకం కోసం ఈ బండిని గీశారో చూస్తే అమ్మకం పద్ధతి అర్థమవుతుంది. 1970 తరువాత అమెరికాలో పొగ నియంత్రణ చట్టాలు వచ్చాయి, శక్తిమంతమైన కార్లకు బీమా ఖర్చులు పెరిగాయి, 1973లో చమురు సంక్షోభం వచ్చింది. 1974 మస్టాంగ్‌లో వీ8 ఇంజనే పెట్టలేదు. ఆ తరువాత ముప్ఫై ఏళ్ల పాటు ఈ కార్ల రూపం ఎటెటో పోయింది. 2005 మోడల్ మస్టాంగ్‌తో ఫోర్డ్ మళ్లీ 1960ల రూపానికి తిరిగింది. అప్పటి డిజైన్ అధిపతి జె. మేస్ ఆ పద్ధతికి రెట్రో ఫ్యూచరిజం అని పేరు పెట్టాడు. 2008లో డాడ్జ్ తన 1970 నాటి ఛాలెంజర్‌ను దాదాపు అచ్చు గుద్దినట్టు తిరిగి తెచ్చింది, 2010 మోడల్‌గా షెవర్లే కమారో కూడా తన 1969 ముఖంతో వచ్చింది. 1960లలో కిటికీలోంచి ఈ కార్లను చూసి కొనలేకపోయిన కుర్రవాళ్లకు అప్పటికి యాభై దాటింది, చేతిలో డబ్బు ఆడుతోంది. వాళ్ల కోసం తయారైన తాయిలం ఇది. కమారో విషయంలో ఈ మోజు హద్దు దాటింది కూడా: నడుము ఎత్తుగా, కిటికీలు సన్నగా ఉండాలన్న గీత కోసం డ్రైవరుకు బయట ఏముందో కనబడనంత పని చేశారని అక్కడివాళ్లే విసుక్కున్నారు.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మన దగ్గర బుల్లెట్ బండి శబ్దాన్ని, థార్ జీపు రూపాన్ని అమ్మేది కూడా ఇదే సూత్రంతో. తేడా ఒక్కటే, బుల్లెట్ మీద మా నాన్న తిరిగాడు, జీపులో మా ఊరి సర్పంచి తిరిగాడు. మస్టాంగ్ మీద మన ఊళ్లో ఎవరూ తిరగలేదు.

అమ్మే నేర్పు మాత్రం 1964 నుంచీ అసలు మారలేదు. మొదటి మస్టాంగ్ అందమైన చొక్కా కింద ఉన్నది ఫాల్కన్ అనే సాదాసీదా కుటుంబ కారు భాగాలే. ఫోర్డ్‌లో ఆ బండి పనిని ముందుండి నడిపించిన లీ ఐకోకా మొదటి ధర 2,368 డాలర్లు పెట్టించాడు. ఆ ధరకు వచ్చేది ఆరు సిలిండర్ల నెమ్మది బండి. పెద్ద ఇంజను, మంచి చక్రాలు, ఇంకొన్ని సొగసులు అన్నీ విడివిడిగా జాబితాలో ఉంటాయి, ఎవరి స్తోమతను బట్టి వారు కలుపుకోవాలి. గుమాస్తా కొన్నదీ, పందెగాడు కొన్నదీ చూపుకు ఒకటే. తొలి ఏడాదిలోనే నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పెళ్లి భోజనానికి పిలిచి అన్నానికి ఒక రేటు, పాయసానికి ఒక రేటు పెట్టడం వంటిదే ఇది, కాకపోతే అక్కడ తిన్నవాళ్లందరూ సంతోషంగా లేచారు.

ఈ కాలంలో ఆ విద్యను డాడ్జ్ కంపెనీ ఇంకా ముందుకు తీసుకుపోయింది. 2015 ఛాలెంజర్ హెల్‌క్యాట్‌కు రెండు తాళాలు ఇచ్చేవారు: ఎర్ర తాళం పెడితే మొత్తం 707 హార్స్‌పవర్, నల్ల తాళం పెడితే 500 మాత్రమే. మనిషికి 500 చాలు అనుకునే అవసరం ఎప్పుడు వస్తుందన్నది పక్కన పెడితే, నలుగురిలో కూర్చున్నప్పుడు బల్ల మీద ఎర్ర తాళం పెట్టుకోవడం ఉందే, ఆ సంతోషానికి ఖర్చయినది కాస్త ప్లాస్టిక్కూ నాలుగు వరసల ప్రోగ్రామూ. 2018లో వచ్చిన డీమన్ అనే బండిలో బరువు తగ్గించామని చెప్పి పక్క సీటూ వెనక సీటూ తీసేశారు. కావాలంటే ఒక్కోటి ఒక్క డాలరు. సీటు ధర ఒక డాలరని ప్రపంచమంతా చెప్పుకుంది, ప్రకటనకు పెట్టాల్సిన డబ్బు మిగిలిపోయింది. రంగుల పేర్లూ అంతే. ఊదా రంగును ప్లమ్ క్రేజీ అంటారు, నారింజ రంగు ఒకదానికి గో మ్యాంగో అని పేరు. మామిడి కాలంలో దామలచెరువు మండీ పక్కగా వెళ్లేవాళ్లెవరికైనా ఆ రంగు మామిడిపండు ఎక్కడిదని సందేహం వస్తుంది. తోతాపురి, బేనీషా రెండింటిలోనూ నేను చూసి ఎరుగను.

ఇక నడక. తిరుమలకు ఈ బండిలో వెళ్లడం కొంత హాస్యంగా ఉంటుందని తెలిసే వెళ్లాను. అలిపిరి తనిఖీ దగ్గర అందరినీ దించి, సామాను స్కానింగుకు పంపి, బానెట్ ఎత్తమన్నారు. ఎత్తాక సిబ్బందిలో ఒకాయన లోపలికి వంగి, “ఇంజను ఇంత ఉందేందప్పా” అని పక్కనున్నాయన్ను పిలిచాడు; మా వెనక వరసలో ఉన్న టెంపో ట్రావెలర్ డ్రైవరు కూడా దిగి వచ్చాడు. అక్కడి నుంచి పైకి కనీసం 28 నిమిషాలు పట్టాలన్నది కొండ మీది నియమం. అంతకంటే ముందు చేరితే జరిమానా. దిగేటప్పుడు 40 నిమిషాలు. మన దేశానికి వచ్చిన మస్టాంగ్‌లో ఇంజను శక్తి 401 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), లాగే బలం 515 న్యూటన్ మీటర్లు. అంత బలం పెట్టుకుని, ముందు వెళ్లే ఆర్టీసీ బస్సు వెనక, ఒంపు ఒంపుకూ ఆగుతూ ఎక్కాను.

చిత్రంగా ఈ బండి నాకు బాగా నచ్చింది అక్కడే. పెద్ద వీ8కి తొందర ఉండదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, మళ్లీ పాదం ఆనిస్తే చాలు, ఇంజను నిమిషానికి పదిహేను వందల చుట్లు దాటకుండానే బండిని ఎత్తుకుని పైకి వేస్తుంది. చిన్న టర్బో ఇంజన్లలో ఉండే ఆ క్షణం తటపటాయింపు లేదు. స్టీరింగ్ బరువుగా, నమ్మకంగా ఉంది. వెనక చక్రాలు రెండూ విడివిడిగా కదిలే సస్పెన్షన్ మొత్తం మస్టాంగ్ వరుసకు వచ్చింది 2015 మోడల్‌తోనే. అంతకు ముందు, 1999-2004 మధ్య వచ్చిన కోబ్రా రకాన్ని మినహాయిస్తే, లారీలకు మల్లే ఒకే ఇరుసు ఉండేది. కుడివైపు స్టీరింగుతో ఫ్యాక్టరీ నుంచే తయారైనదీ ఆ మోడలే, కాబట్టే అది మన దాకా రాగలిగింది. దిగేటప్పుడు 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీద మలుపులు గట్టివి. పొడవాటి బానెట్ వల్ల లోపలి అంచు ఎక్కడుందో ఊహించుకోవాల్సి వచ్చింది, రెండు మూడు చోట్ల నాకు చెమట పట్టింది.

శబ్దం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ బండి ధరలో దాని వాటా చిన్నది కాదు. స్టార్టు బటన్ నొక్కగానే ఒక్కసారి గర్జించి, తరువాత బరువుగా, కొంచెం ఎగుడుదిగుడుగా గుడగుడమంటూ నిలబడుతుంది. ఉదయం అయిదు గంటలకు మా బైరాగిపట్టెడ సందులో స్టార్టు చేసిన పాపానికి ఎదురింటి మాస్టారు రెండు రోజులూ నా ముఖం చూడలేదు. కంపెనీకి ఈ సంగతి తెలియనిది కాదు. 2018 మోడల్ నుంచి తెల్లవారుజామున మెల్లగా స్టార్టయ్యే ఏర్పాటు కూడా అమ్మారు. అంటే ముందు రొదను అమ్మి, తరువాత దాన్ని తగ్గించే మీటను అమ్మారు. 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌లో గొంతు చాలదని స్పీకర్లలోంచి అదనపు శబ్దం కలిపారు. డాడ్జ్ అయితే 2024లో వచ్చిన ‘ఛార్జర్ డేటోనా’ అనే విద్యుత్ కారుకు సైలెన్సరే అవసరం లేకపోయినా, వీ8 లాంటి మోత పుట్టించే యంత్రాన్ని తయారుచేసి పెట్టింది. పొగ లేని బండికి పొగగొట్టం రాగం. నాకు ఇది దొంగతనంగా అనిపించలేదు గాని, ఏకపాత్రాభినయంలో వెనకనుంచి ఇంకొకరు పాడుతున్నట్టు మాత్రం అనిపించింది.

రెండో రోజు కాణిపాకం దారి. చిత్తూరు వైపు వేసిన ఆరు వరసల రహదారి మీద వంద దగ్గర నిలిపితే ఇంజను రెండు వేల చుట్ల లోపే నిద్రపోతున్నట్టు ఉంటుంది. టైర్ల హోరు తప్ప లోపలికి పెద్దగా ఏమీ వినబడదు. ముందున్న లారీని దాటడానికి పాదం కాస్త గట్టిగా నొక్కితే గేరు రెండు మెట్లు దిగి, బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ దూకుడు నాలుగు సెకన్లకు మించి వాడుకునే చోటు ఆ డెబ్బయి కిలోమీటర్లలో నాకు దొరకలేదు. గుడి దగ్గర వాహన పూజ చేయించాం. పూజారి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు బంపరు కింద గుమ్మడికాయ తిప్పబోయి, అది పట్టక పక్కనుంచి తిప్పారు. బండి నేలకు అంత దగ్గర.

కాణిపాకం సత్యప్రమాణాలకు పేరుపడ్డ చోటు. అక్కడ నిలబడినప్పుడు ఈ కార్ల అంకెల మీద ప్రమాణం చేయిస్తే ఎన్ని నిలుస్తాయన్న ఆలోచన వచ్చింది. 1960ల ప్రకటనల్లో ఉన్న హార్స్‌పవర్ అంకెల్లో చాలా వాటికి ఇబ్బందే. అప్పట్లో ఇంజనును బండిలోంచి తీసి, ఫ్యాను, సైలెన్సరు వంటివేవీ తగిలించకుండా కొలిచేవారు. 1972 మోడళ్ల నుంచి అన్నీ తగిలించి కొలిచే పద్ధతికి మారేసరికి, అదే ఇంజను మీద అంకె బాగా పడిపోయింది. ఇప్పటివి ఆ లెక్కన నిజాయితీ గలవి. అమెరికాలో 435 హార్స్‌పవర్ ఉన్న ఇంజను మన ఇంధనానికీ మన నియమాలకూ తగ్గట్టు 401 పీఎస్ అయింది, ఆ మాటను ఇక్కడ దాచకుండానే చెప్పి అమ్మారు.

దాచినట్టు అనిపించేది వెనక సీటు. నలుగురు కూర్చునే కారు అని కాగితం మీద ఉంటుంది. మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, పాకాల దాకా తల వంచుకుని కూర్చుని, అక్కడ దిగి ముందుకు వచ్చేశాడు. సౌకర్యం ఒక ఎత్తు, భద్రత ఇంకో ఎత్తు: 2017 జనవరిలో, కార్ల భద్రతను పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో మస్టాంగ్‌కు అయిదింటికి రెండే నక్షత్రాలు వచ్చాయి. వెనక సీటు బెల్టులకు ప్రమాదంలో బిగించే ఏర్పాటు లేకపోవడం వాళ్లు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. తరువాత మార్పులు చేసి మూడు నక్షత్రాలు తెచ్చుకున్నారు. తనకు తానే బ్రేకు వేసే సౌకర్యం అంతకంటే చవక కార్లలో ఉండగా ఇందులో లేకపోవడం, రూపానికి పెట్టిన శ్రద్ధ ఎటు వెళ్లిందో చెబుతోంది. పిల్లలున్న ఇంటికి ఒకే కారుగా దీన్ని నేను సిఫారసు చేయను.

ఖర్చు సంగతి. 2016 జూలైలో ఇక్కడ విడుదలైనప్పుడు ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర 65 లక్షలు. అమెరికాలో మధ్యతరగతి మనిషి వాయిదాల మీద కొనుక్కునే బండి ఇది. విదేశాల నుంచి పూర్తిగా తయారై వచ్చే మూడు లీటర్లు దాటిన పెట్రోలు కార్ల మీద అప్పట్లో నూరు శాతం దిగుమతి సుంకం ఉండటంతో ఇక్కడ ధనవంతుల బండి అయింది. చెన్నై పక్కన మరైమలై నగర్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉన్నా, ఇది మాత్రం మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ నుంచి ఓడ ఎక్కి వచ్చేది. 2021 సెప్టెంబరులో ఆ కంపెనీ ఇక్కడి తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది. బావ ముందు బంపరు కింది పెదవి ఒక స్పీడ్ బ్రేకరు మీద చిరిగితే, ఒక వర్క్‌షాపులో తొమ్మిది వారాలు తిప్పుకున్నారు. మైలేజీ ఊళ్లో నాలుగున్నర, రహదారి మీద నిదానంగా పోతే తొమ్మిది. చిత్తూరులో బంకు దగ్గర కుర్రవాడు “ఎంతిస్తాదినా?” అని అడిగితే ఉన్నమాట చెప్పాను. పైపు పట్టుకుని కాసేపు ఆలోచించి, “అయితే మా ఓనరుకి మంచి బండిలేనా” అన్నాడు.

పాతది కొనాలనుకునేవారికి నా సలహా: ముందు బంపరు అడుగుభాగం పడుకుని చూడండి, స్పీడ్ బ్రేకర్ల చరిత్ర అంతా అక్కడ రాసి ఉంటుంది. వెనక టైర్లు ముందువాటికంటే ఎంత ఎక్కువ అరిగాయో చూస్తే పాత యజమాని స్వభావం తెలుస్తుంది. సర్వీసు పుస్తకం లేని బండి ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. బావకు కూడా ఇంతే చెప్పాను. బంపరు కింద రబ్బరు పట్టీ వేయిస్తానన్నాడు, అమ్మే మాట మాత్రం ఎత్తలేదు.